టోక్యోలో కాపురం: నిషికసాయిలోనే పెట్టాలా, మనవాళ్లకు దూరంగా వెళ్లాలా?

మెహదీపట్నం_మామూలోడు
కంపెనీ ఏప్రిల్‌లో టోక్యో పంపుతోంది. ఆఫీసు ఓతెమాచిలో. నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప. ఎవరిని అడిగినా ఆలోచించకుండా నిషికసాయి స్టేషను పేరే చెబుతున్నారు. మనవాళ్లంతా అక్కడే ఉంటారట, కందిపప్పు నుంచి కరివేపాకు దాకా అన్నీ దొరుకుతాయట. నాకు నచ్చనిది సరిగ్గా అదే. సముద్రాలు దాటి వెళ్లి మళ్లీ అమీర్‌పేటలో ఇల్లు తీసుకున్నట్లు ఉంటుంది కదా! పాప జపనీస్ నేర్చుకోవాలని నా కోరిక. పైగా నిషికసాయి మీదుగా వెళ్లే తోజాయ్ లైనులో రైళ్లు కిక్కిరిసి ఉంటాయని, పెద్ద తుపాను వస్తే ఆ ప్రాంతమంతా మునుగుతుందని చదివాను. ఇల్లు చూసిపెట్టే ఏజెంటు ఇప్పటికే రెండు చోట్ల "విదేశీయులకు ఇవ్వరట" అని చల్లగా చెప్పేశాడు. అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చేసినవాళ్లు ఉన్నదున్నట్లు చెప్పండి.

తోజాయ్_బాధితుడు
రైలు సంగతి నన్ను అడగండి. నిషికసాయి నుంచి ఓతెమాచి ఏడో స్టేషను. బండి మారే పని లేదు. కాగితం మీద చూస్తే ఇంతకంటే మంచి చోటు దొరకదు. కాకపోతే పొద్దున ఎనిమిది గంటలకు ఎక్కి చూడండి. కరోనాకు ముందు 2019 లెక్కల్లో కిబా, మోంజెన్ నకాచో మధ్య రద్దీ 199 శాతం. మొత్తం జపాన్‌లో అదే మొదటి స్థానం. 200 శాతం అంటే ఒళ్లూ ఒళ్లూ ఒత్తుకుంటున్నా వారపత్రిక ఎలాగోలా చదువుకోవచ్చు అని ప్రభుత్వం వారి కొలమానం. ఆ మాట రాసిన పెద్దమనిషి ఆఫీసుకు కారులో వెళ్లేవాడై ఉంటాడు.

పెసరట్టు_ఉప్మా
సికింద్రాబాదులో పండగ ముందు రోజు జనరల్ బోగీ ఎక్కినవాడికి 199 శాతం ఒక లెక్కా?

తోజాయ్_బాధితుడు
జనరల్ బోగీలో కనీసం ఒకరినొకరు తిట్టుకోవచ్చు. ఇక్కడ అందరూ మాట్లాడకుండా నలగాలి.

అత్తిలి_అమ్మాయి
మామూలోడు గారూ, మీ ఆఫీసు గురించి రాశారు, మీ కోరిక రాశారు, పాప చదువు రాశారు. మీ ఆవిడ ఏమంటున్నారో ఒక్క ముక్క లేదు. మీరు పొద్దున వెళ్లి రాత్రికి వస్తారు. ఆ ఊళ్లో పగలంతా ఉండేది ఆవిడ. ముందు ఆవిడను అడిగి రండి, మిగతాది తరువాత చెప్పుకుందాం.

గ్యోతోకు_గోపాలం
నది దాటి చీబా వైపు రండి. అదే తోజాయ్ లైను, నిషికసాయి తరువాత కసాయి, ఉరయాసు, మినామి గ్యోతోకు, ఆపైన మా గ్యోతోకు. నాలుగు స్టేషన్లు వెనక్కి వచ్చినందుకు అద్దె తగ్గుతుంది, ఇల్లు కాస్త పెద్దది వస్తుంది. మనవాళ్లు ఇక్కడా ఉన్నారు గానీ వీధికి ఇద్దరు ముగ్గురు, అంతే.

తోజాయ్_బాధితుడు
గోపాలం గారు చెప్పని విషయం: పొద్దున నిషికసాయిలో మేము ఎక్కేసరికి బోగీ నిండి ఉండటానికి కారణం వీళ్లే.

గ్యోతోకు_గోపాలం
మేము ముందు వచ్చి నిలబడ్డాం. అందులో తప్పేముంది?

రైళ్ల_రాజు
ఈ రద్దీ తట్టుకోలేకనే 2010 నుంచి 15000 శ్రేణి బండ్లు తెచ్చారు. తలుపులు మామూలు బండ్ల కంటే బాగా వెడల్పు, 1.8 మీటర్లు. ఎక్కే దిగే సమయం తగ్గుతుందని. పక్క స్టేషను మినామి సునామాచిలో అదనంగా ఒక ప్లాట్‌ఫాం, ఒక రైలు దారి వేసే పని చాలా ఏళ్లుగా సాగుతోంది. దానికోసం 2024 మే నెలలో ఒక శని ఆదివారాలు తోయోచో, నిషికసాయి మధ్య రైళ్లు పూర్తిగా ఆపేశారు. ఇంకో సంగతి, ర్యాపిడ్ బండి ఉరయాసులో ఆగాక తోయోచో దాకా ఎక్కడా ఆగదు. కాబట్టి నిషికసాయి ప్లాట్‌ఫాం మీద నిలబడితే అది చెవులు గింగుర్లెత్తించి వెళ్లిపోవడం చూడటమే. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు బోర్డు చూసుకోకుండా ఎక్కితే ఉరయాసులో తేలతారు.

కసాయి_కాపు
ఉరయాసులో తేలని నిషికసాయి వాసిని ఒక్కడిని చూపించండి, పాదపూజ చేస్తాను.

పాత_పిచుక
కొత్తవాళ్లకు ఆ స్టేషను పుట్టుక కాస్త చెప్పాలి. తోజాయ్ లైను ఇటు పొడిగించింది 1969లో. అప్పుడు కసాయి స్టేషను ఉంది గానీ నిషికసాయి లేదు. బండి అరకావా నది వంతెన దాటి ఆగకుండా వెళ్లిపోయేది. కసాయి తీరం ఒకప్పుడు సముద్రపు నాచు పండించే బెస్తల ఊళ్లు. 1970లలో తీరం వెంబడి సముద్రాన్ని పూడ్చి, లోపలి పొలాలను ప్లాట్లుగా సరిచేసి, పెద్ద పెద్ద అపార్టుమెంటు సముదాయాలు లేపారు. జనం వస్తారని 1979 అక్టోబరు 1న నిషికసాయి స్టేషను తెరిచారు. అందుకే అక్కడ పాత గుడి వీధులు, వంకర సందులు తక్కువ. రోడ్లు తిన్నగా గళ్లు గీసినట్లు ఉంటాయి.

మనవాళ్లు గుంపుగా రావడం 2000 ప్రాంతంలో. కంప్యూటర్ల తేదీ సమస్య (వైటూకే) రోజుల్లో బ్యాంకుల పని కోసం కుర్రాళ్లను దించారు. ఆఫీసులు కయాబాచో, నిహోంబాషి, ఓతెమాచి, అన్నీ ఈ లైను మీదే. కానీ ఇల్లు ఎవరిస్తారు? పూచీ సంతకం పెట్టడానికి జపాను మనిషి కావాలి. అప్పటికే ఆ పేటలో ఒక భారతీయుడు ఉన్నారు, జగ్మోహన్ చంద్రాణీ గారు. 1978లో జపాన్ వచ్చి తేయాకు వ్యాపారం పెట్టినాయన. కుర్రాళ్లకు ఇళ్లు ఇప్పించడానికి ఆయనే ముందుకొచ్చారు. వాళ్లకు ఇంటి భోజనం కోసమని మొదలుపెట్టిన వంటే తరువాత కలకత్తా పేరుతో హోటలైంది. ఇప్పుడు నిషికసాయి ఉన్న ఎదోగావా వార్డులో భారతీయులు ఐదువేలకు పైనే. టోక్యోలో మరే వార్డులోనూ ఇంతమంది లేరు. మీరు అమీర్‌పేట అని తీసిపారేశారు గానీ, ఇల్లు దొరకనివాళ్లు ఒకచోట చేరితే అలా తయారైంది.

మెహదీపట్నం_మామూలోడు
పాత పిచుక గారూ, తీసిపారేయాలని కాదండీ. ఆ పూచీ సమస్య ఇప్పటికీ ఉందా? మా ఏజెంటు రెయికిన్ (యజమానికి కానుక), షికికిన్ (డిపాజిట్టు), హామీ కంపెనీ రుసుము, తన కమీషను అన్నీ కలిపి చెబితే కళ్లు తిరిగాయి.

పాత_పిచుక
ఏజెంటును పక్కన పెట్టి యూఆర్ ఇళ్లు చూడండి. ప్రభుత్వ సంస్థ కట్టిన అద్దె ఇళ్లు. యజమానికి తిరిగిరాని కానుక డబ్బు ఉండదు, పూచీదారు అక్కర్లేదు, కమీషను లేదు, రెండేళ్లకోసారి కట్టే రెన్యువల్ రుసుము లేదు. రెండు నెలల అద్దె డిపాజిట్టు, జీతం కాగితాలు, అంతే. ఏ దేశం వాడివని మొహం చూసి కాదనరు. స్టేషనుకు దక్షిణం వైపు కోజిమాచో, ఇంకాస్త ముందుకు వెళితే సెయిషిన్‌చో, రెండు చోట్లా ఆ ఇళ్లు ఉన్నాయి. మనవాళ్లు నిషికసాయిలో ఎందుకు గుమిగూడారంటే సగం జవాబు ఇదే.

బందరు_లడ్డు
యూఆర్ ఇల్లు తీసుకునేవాళ్లకు ఒక మాట. పాత భవనాల్లో గదిలో దీపాలు కూడా ఉండవు. తాళం తీసుకుని సాయంత్రం వెళితే చీకట్లో కూర్చోవాలి. కొన్నింట్లో పొయ్యి, ఏసీ కూడా మనమే పెట్టుకోవాలి. దేశం వదిలి వెళ్లేవాళ్లు ఇక్కడి మనవాళ్ల గుంపుల్లో సామాను అమ్ముతుంటారు. మార్చి నెలలో చూడండి, మంచి రోజులు.

వరద_రాజులు
అందరూ పప్పుల దగ్గరే ఆగారు. ఆయన వరద గురించి కూడా అడిగారు. ఎదోగావా వార్డులో పదిలో ఏడు వంతుల నేల సముద్రపు పోటు మట్టానికి కింద ఉంది. ఒక వైపు అరకావా, ఒక వైపు ఎదోగావా నది, కింద టోక్యో అఖాతం. 2019లో వార్డువారే ఇంటింటికీ పంచిన వరద పటం అట్ట మీద, ఇక్కడ ఉండిపోవద్దు అనే అర్థం వచ్చే మాట అచ్చేశారు. తన ఊరి గురించి తనే అలా రాసుకున్న మునిసిపాలిటీని నేను ఇంకెక్కడా చూడలేదు.

బందరు_లడ్డు
మేము ఎనిమిదో అంతస్తు. నీళ్లొస్తే పైనే ఉంటాం.

వరద_రాజులు
ఆ పటం వద్దంటున్నది సరిగ్గా ఈ ఆలోచననే. నీళ్లు రెండు వారాలు కూడా నిలవవచ్చు అంటున్నారు. కరెంటు ఉండదు, పంపు పనిచేయదు, మరుగుదొడ్డిలో నీళ్లు రావు. ఎనిమిదో అంతస్తులో ఎన్నాళ్లుంటారు? పెద్ద తుపాను సూచన రాగానే రెండు రోజుల ముందే వార్డు దాటి వెళ్లిపొమ్మని వాళ్ల సలహా. అక్కడ ఉండొద్దని నేను అనడం లేదు. ఉంటే ఎవరింటికి వెళ్లాలో ముందే మాట్లాడుకోండి, అంతే.

గ్యోతోకు_గోపాలం
అందుకే చీబా వైపు రమ్మంటున్నది.

వరద_రాజులు
గోపాలం గారూ, మీరూ నది పక్కనే, సముద్రం పక్కనే ఉన్నారు. ఇక ఉరయాసు సంగతి తెలుసు కదా, 2011 భూకంపంలో పూడ్చిన నేల చాలావరకు బురదై, మ్యాన్‌హోళ్లు నేలలోంచి పైకి లేచాయి.

రైళ్ల_రాజు
గాలి సంగతి కూడా కలపండి. నిషికసాయి పక్కనే ఉన్న ఆ వంతెన కిలోమీటరు పైన పొడవు. 1978 ఫిబ్రవరి 28న సుడిగాలి కొట్టి దాని మీద వెళుతున్న తోజాయ్ బండి బోగీలు పక్కకు ఒరిగిపోయాయి. ఇప్పుడు గాలి కొంచెం ఎక్కువైనా నెమ్మదిగా నడుపుతారు, లేదా ఆపేస్తారు. ఆఫీసుకు ఆలస్యమైతే స్టేషనులో ఆలస్యపు చీటీ ఇస్తారు, ఫోనులో కూడా దొరుకుతుంది. దాన్ని చూపిస్తే మేనేజరు నోరెత్తడు.

పెసరట్టు_ఉప్మా
రైలే మన తరఫున సెలవు చీటీ రాసిచ్చే దేశం. ఇంక ఆలోచన దేనికి, వెళ్లిపోండి.

సెయిషిన్‌చో_శారద
అత్తిలి అమ్మాయి గారి ప్రశ్న పట్టుకుని రాస్తున్నాను. మేము మొదట టోక్యోకు పడమర వైపు, భారతీయులు ఒక్కరూ లేని చోట ఉన్నాం. మా ఆయనకూ అచ్చం ఇదే ఆదర్శం, జపాన్ వెళ్లి జపాన్‌లో ఉండాలి అని. ఆయనకు ఆఫీసులో ఇంగ్లీషు. నాకు ఇంట్లో నాలుగు గోడలు. బాబుకు జ్వరమొచ్చిన రోజు పిల్లల ఆసుపత్రిలో వాళ్లిచ్చిన కాగితం మీద ఏ గడిలో ఏమి రాయాలో తెలియక, ఏడుస్తున్న బిడ్డను భుజాన వేసుకుని మా ఆయన ఫోను ఎత్తేదాకా నిలబడ్డాను. ఆయన మీటింగులో ఉన్నారు.

తరువాత సెయిషిన్‌చో వచ్చాం. కింది అంతస్తులో నెల్లూరు ఆవిడ. ఏ డాక్టరు ఇంగ్లీషు మాట్లాడతాడో, చెత్త ఏ రోజు ఏది వేయాలో, వార్డు ఆఫీసులో పిల్లల భత్యానికి ఏ కాగితం పెట్టాలో ఒక్క మధ్యాహ్నంలో చెప్పేసింది. ఆ భత్యం మనకూ వస్తుంది. మూడేళ్లలోపు బిడ్డకు నెలకు 15 వేల యెన్లు, ఆపైన 10 వేలు. పడమర వైపు ఉన్నన్నాళ్లూ అలాంటిది ఒకటుందని కూడా నాకు తెలియదు. జపనీస్ నేను నేర్చుకున్నది కూడా ఇక్కడికి వచ్చాకే. మనసు కుదుటపడితేనే కదా చదువు ఎక్కేది.

కసాయి_కాపు
శారద గారితో నేను సగం వరకే ఒప్పుకుంటాను. మనవాళ్ల మధ్య ఉంటే సాయం దొరుకుతుంది, నిజం. ఎవరింట్లో ఏ టీవీ కొన్నారు, ఎవరికి పర్మనెంట్ వీసా వచ్చింది, ఎవరి అబ్బాయికి ఎన్ని మార్కులు, ఇవీ దొరుకుతాయి. వారాంతంలో పార్కుకు వెళితే జీతం ఎంత అని అడిగే మనిషి తప్పకుండా తగులుతాడు. నేను ఒక స్టేషను జరిగి కసాయికి వచ్చింది అందుకే. సామాను కావాలంటే సైకిలు మీద వెళ్లి తెచ్చుకుంటాను. మా స్టేషను వంతెన కింద సబ్‌వే మ్యూజియం ఉంది, 1986 నాటిది. పిల్లలు రైలు నడిపే బొమ్మ యంత్రం దగ్గర నుంచి కదలరు.

తోజాయ్_బాధితుడు
పిల్లలేనా, రాజు గారు కూడా కదలరు.

రైళ్ల_రాజు
సోమవారం మూసి ఉంటుంది, గమనించగలరు.

ఒంగోలు_గిత్త
పాప చదువు గురించి. నిషికసాయి చుట్టుపక్కల ఇండియన్ స్కూలు ఉంది, ఇంగ్లీషు మీడియం. జపాను తల్లిదండ్రులు కూడా లెక్కల కోసం, ఇంగ్లీషు కోసం పిల్లలను అక్కడ వేస్తున్నారు. ఫీజు మాత్రం జేబు చూసుకుని అడగండి. రెండేళ్లకు వెనక్కి వచ్చేసేవాళ్లకు అదే సుఖం. మా అబ్బాయిని మాత్రం వార్డు ప్రాథమిక పాఠశాలలో వేశాం. ఫీజు లేదు. మన పిల్లలు వచ్చీ వచ్చీ అక్కడి టీచర్లకు అలవాటైపోయింది. జపనీస్ రానివాళ్లకు విడిగా కూర్చోబెట్టి చెబుతారు. మనవాళ్లు లేని చోట బడిలో వేస్తేనే భాష వస్తుందనేది వట్టి మాట.

అవస్థ అంతా భోజనంతో. బడి భోజనం పట్టిక నెల మొదట్లో ఇంటికి పంపుతారు. ఒక్కో రోజుకు ఒక గడి, అందులో ఏ వంటకంలో ఏ ముక్క పడిందో చీమల బారులా చిన్న అక్షరాల్లో ఉంటుంది. మా ఆవిడ ఫోను కెమెరా పెట్టి చదివి, పంది మాంసం, గొడ్డు మాంసం ఉన్న రోజుల మీద ఎర్ర పెన్నుతో సున్నాలు చుడుతుంది. ఆ రోజుల్లో ఇంటి డబ్బా. సున్నాలు లేని వారం మేము చూడలేదు.

బందరు_లడ్డు
మా పాప రెండో నెలకే "నాకు పులిహోర వద్దు, వాళ్లతో సమానంగా మిసో సూపు తాగుతాను" అంది. మా అత్తగారికి ఈ విషయం ఇంకా తెలియదు, ఎవరూ చెప్పకండి.

మెహదీపట్నం_మామూలోడు
అందరికీ ధన్యవాదాలు. అత్తిలి అమ్మాయి గారూ, మా ఆవిడను అడిగాను. "చర్చ లింకు పంపు, నేనే చదువుకుంటాను" అంది. పంపాను.

పెసరట్టు_ఉప్మా
అయిపోయింది. ఇల్లు గ్యోతోకులోనా, కసాయిలోనా అని ఇక మీరు బాధపడనక్కర్లేదు.

అత్తిలి_అమ్మాయి
ఇప్పుడు దారిలో పడ్డారు.

పాత_పిచుక
మనవాళ్లు జపాను సమాజంలో కలవరు అని కొందరు అంటుంటారు. పుణె నుంచి వచ్చి నిషికసాయిలో స్థిరపడిన యోగేంద్ర పురాణిక్ గారు 2019 ఏప్రిల్‌లో ఎదోగావా వార్డు సభకు ఎన్నికయ్యారు. భారతదేశంలో పుట్టినవాడు జపాన్‌లో ఎన్నికల్లో గెలవడం అదే మొదలు. తరువాత ఇబరాకిలో ప్రభుత్వ హైస్కూలుకు ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. శరత్కాలంలో స్టేషను దగ్గరి పార్కులో దీపావళి ఉత్సవం జరిగితే వచ్చేవాళ్లలో జపానువాళ్లు తక్కువేమీ కాదు.

కసాయి_కాపు
ఒక్కరు గెలిస్తే అందరూ కలిసిపోయినట్లు కాదు. మా పాత భవనంలో నోటీసు బోర్డు మీద "రాత్రి తొమ్మిది తరువాత పిల్లలను ఇంట్లో పరిగెత్తించవద్దు" అని ఇంగ్లీషులో మాత్రమే అంటించారు. ఆ కాగితం ఎవరి కోసమో చెప్పనక్కర్లేదు.

సెయిషిన్‌చో_శారద
మరి పరిగెత్తించడం మానితే పోలేదా? మా పై ఇంటి పిల్లలు పదకొండింటికి క్రికెట్టు ఆడతారు. నేనే వెళ్లి చెప్పాను, నోటీసు దేనికి.

కొత్త_సభ్యురాలు_ఎం
మామూలోడు గారి ఇల్లాలిని. మొదటి నుంచీ అంతా చదివాను. అమీర్‌పేట మీద అంత కోపం ఉన్న మనిషి పదేళ్లుగా టిఫిను అక్కడే ఎందుకు తింటున్నారో నేను విడిగా అడుగుతాను. నాకు కావలసినవి వేరే. ఒకటి, ఆధారిత (డిపెండెంట్) వీసా మీద నేను ఉద్యోగం చేయవచ్చా? ఇక్కడ ప్లే స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. రెండు, పాప బడికి వెళ్లాక నేను నడిచి వెళ్లగలిగే చోట్లు ఏమున్నాయి? దుకాణాలు కాదు. మూడు, నాకు సైకిలు రాదు. రాకపోతే కుదరదా?

అత్తిలి_అమ్మాయి
స్వాగతం అండీ. ఈ మూడు ప్రశ్నలు మొదటి పోస్టులో ఉండాల్సినవి. మొదటిదానికి జవాబు: ఇమిగ్రేషన్ ఆఫీసులో అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల వరకు చేయవచ్చు. అనుమతి లేకుండా ఒక్క గంట కూడా వద్దు. పిల్లలకు ఇంగ్లీషు నేర్పే చోట్ల మనవాళ్లు చాలామంది ఉన్నారు.

సెయిషిన్‌చో_శారద
రెండోదానికి నేను. స్టేషను ఉత్తరం వైపు దిగి నడిస్తే గ్యోసెన్ పార్కు వస్తుంది. లోపల వార్డువారి చిన్న జంతుశాల, టికెట్టు లేదు. ఎర్ర పాండా ఉంటుంది, గొర్రెలను పిల్లలు చేత్తో తాకవచ్చు. సోమవారం సెలవు. దాని పక్కనే చెరువుతో హెయిసెయి తోట. పగటిపూట అక్కడ ముసలివాళ్లు కూర్చుంటారు. మీరు రెండు రోజులు కనిపిస్తే మూడో రోజు వాళ్లే పలకరిస్తారు, నా జపనీస్ సగం ఆ బెంచీ మీదే వచ్చింది. దక్షిణం వైపు షిన్ సకోన్ కాలువ గట్టు, వసంతంలో చెర్రీ పూలు. నిషికసాయి గ్రంథాలయం ఉంది. వార్డులో స్వచ్ఛందంగా జపనీస్ నేర్పే తరగతులు ఉంటాయి, ఖర్చు నామమాత్రం. శుక్రవారాలు నేను వెళతాను, కలిసి వెళదాం. గుడి కావాలంటే ఫునాబోరిలో ఇస్కాన్ వారిది, బస్సులో వెళ్లవచ్చు.

గ్యోతోకు_గోపాలం
గ్యోతోకులో కూడా పార్కులు ఉన్నాయి.

పెసరట్టు_ఉప్మా
గోపాలం గారికి అక్కడి మునిసిపాలిటీ జీతం ఇస్తోందా?

కసాయి_కాపు
మూడోది నాకు వదిలేయండి. సైకిలు నేర్చుకోక తప్పదమ్మా. నేలంతా చదును, చెప్పుకోదగ్గ ఎత్తు వంతెన దగ్గర తప్ప ఎక్కడా లేదు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఊరు ఉండదు. కొన్నప్పుడే దుకాణంలో దొంగతనం జరగకుండా సైకిలును నమోదు చేయించుకోవాలి, బీమా టోక్యోలో 2020 నుంచి తప్పనిసరి. స్టేషను ముందు ఎక్కడపడితే అక్కడ పెడితే లారీలో ఎత్తుకుపోతారు, విడిపించుకోవడానికి దూరంగా వెళ్లి రుసుము కట్టాలి. మా కసాయి స్టేషను కిందైతే యంత్రమే సైకిలును నేలలోకి లాక్కుని దాచి, కార్డు చూపిస్తే తిరిగి పైకి ఇస్తుంది. మొత్తం 9,400 సైకిళ్లు పడతాయి.

కొత్త_సభ్యురాలు_ఎం
శారద గారూ, శుక్రవారం తరగతి ఎన్ని గంటలకు? పాపను బడి నుంచి తీసుకురావడానికి సమయం సరిపోతుందా?

సెయిషిన్‌చో_శారద
పదింటికి మొదలు, మధ్యాహ్నానికి అయిపోతుంది. ఒకటో తరగతి పిల్లలు మొదటి వారాల్లో తొందరగా ఇంటికొచ్చేస్తారు, అప్పుడు మాత్రం చూసుకోవాలి. విడిగా సందేశం పెట్టాను. యూఆర్ ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు చెప్పండి, మా భవనంలో నాలుగో అంతస్తు ఖాళీ అవుతోంది.

మెహదీపట్నం_మామూలోడు
నాలుగో అంతస్తు అద్దె ఎంతో కాస్త చెబుతారా?